తిరగని ఫ్యాను

"బండి నీ చేతిలోనే ఎందుకు వేడెక్కుతుంది?" అని ఆయన అడిగినప్పుడు నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. సమాధానం కోసం అడిగిన ప్రశ్న కాదది. ఆదివారం ఆయన ఊరి బయటి ఖాళీ రోడ్డు మీద కారు నడుపుతారు. ఇంజన్ వేడి చూపించే సూది సగం దగ్గర బుద్ధిగా కూర్చుంటుంది. మిగతా ఆరు రోజులూ నడిపేది నేను. పాపను బడిలో దింపి, అత్తయ్యను మోకాలి వైద్యానికి తీసుకెళ్లి, ఆఫీసుకు చేరేలోగా మూడు పెద్ద సిగ్నళ్లు. మూడోదాని దగ్గర సూది ఎర్రగీతను ముద్దాడుతుంది. కాబట్టి తప్పు నాదే. క్లచ్ మీంచి కాలు తియ్యనట, గేరు ఆలస్యంగా మారుస్తానట.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే "సార్ నంబరివ్వండి మేడమ్, ఆయనతో మాట్లాడతాను" అన్నాడు. నేను ఎదురుగా నిలబడి ఉండగానే, నేను నడిపే కారు గురించి, ఎక్కడో ఆఫీసులో కూర్చున్న ఆయనకు ఫోన్లో వివరించాడు. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ మార్చాడు, థర్మోస్టాట్ మార్చాడు. మర్నాడు అదే సిగ్నల్ దగ్గర సూది మళ్లీ లేచింది. "ఇక అమ్మేద్దాం. నువ్వు బస్సులో వెళ్దువుగాని" అన్నారు ఆయన. బస్సు మెట్లెక్కలేని అత్తయ్యను ఎవరు తీసుకెళ్తారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎలాగోలా నేనే సర్దుకుంటానని ఇద్దరికీ తెలుసు.

కానీ నాకు ఆ కారంటే ఇష్టం. రోజంతా నన్ను ఎవరూ ఏదీ అడగని ఇరవై నిమిషాలు అందులోనే దొరుకుతాయి. అందుకే ఆ వారమంతా, పాపకు జ్వరం వచ్చినప్పుడు కనిపెట్టుకుని ఉన్నట్టు, దాన్ని కనిపెట్టుకుని ఉన్నాను. సిగ్నల్ దగ్గర ఆగితే సూది లేస్తోంది. వంతెన ఎక్కి వేగం అందుకోగానే దిగుతోంది. కాలు నాదే, గేర్లు అవే. మరి వంతెన మీద ఎందుకు దిగుతోంది? గాలి తగులుతోంది కనుక. ఆగినప్పుడు ఆ గాలి ఎవరివ్వాలి? సొరుగులో ఎవరూ తెరవని కారు పుస్తకం తీసి, ఆఫీసులో భోజనం చేస్తూ చదివాను. రేడియేటర్ వెనక ఒక ఫ్యాను ఉంటుందట. దాని చప్పుడు విని ఎన్నాళ్లయిందో నాకు గుర్తు రాలేదు.

గురువారం పాపను దింపేశాక, మూడో సిగ్నల్ దగ్గర సూది మళ్లీ లేచింది. పుస్తకంలో రాసినట్టే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పాను. ఇంజన్ వేడి కొంత అటు పోతుంది.

"ఈ ఎండలో వేడిగాలేంటమ్మాయ్? పెనం మీంచి పొయ్యిలో పడేశావు" అంది అత్తయ్య.

"రెండు నిమిషాలు ఓర్చుకోండి. పక్కకి తీసి ఆపేస్తాను."

"మా అబ్బాయి నడిపినప్పుడు ఎప్పుడూ ఇలా కాలేదు."

"ఆయన ఎప్పుడూ ఇక్కడ ఆగలేదత్తయ్యా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఓ మందుల షాపు నీడలో ఆపి, ఆమెను అక్కడి కుర్చీలో కూర్చోబెట్టాను. రేడియేటర్ మూత జోలికి పోలేదు, మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. ఇంజన్ చల్లారాక చూస్తే పక్క డబ్బాలో నీళ్లు గీతకు సరిగ్గానే ఉన్నాయి. ఇంజన్ నడిపి ఏసీ వేశాను. ఫ్యాను తిరగాలి. తిరగలేదు. ఆపి, ఫ్యూజుల పెట్టె తెరిచాను. ఫ్యూజు బాగానే ఉంది. దాని పక్కన అగ్గిపెట్టెలో సగమంత నల్లటి రిలే, ఫ్యానుకి కరెంటు వదిలేది అదే. హారన్‌కీ అచ్చం అలాంటిదే ఉంది, మీద నంబరు కూడా ఒకటే. రెండూ పీకి ఒకదాని చోట ఒకటి పెట్టాను.

మళ్లీ ఏసీ వేయగానే ఫ్యాను బుర్రుమంది. రోడ్డు పక్కనని కూడా చూడకుండా పైకే నవ్వేశాను.

హారన్ మాత్రం మూగబోయింది. విడిభాగాల షాపు దాకా అత్తయ్యే హారనయింది. అద్దం దించి, "నాయనా, కాస్త జరుగు. బాబూ, నిన్నే" అని పిలుస్తుంటే ఒక్కొక్కరూ గౌరవంగా తప్పుకున్నారు. సూది సగం దాటలేదు. ఆమె నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి అంది:

"మీ మామగారి స్కూటరు ప్లగ్గు నేనే శుభ్రం చేసేదాన్ని. ఆయన చేశారని అందరూ అనుకునేవాళ్లు."

"మీరు చెప్పలేదా?"

"ఆయన చిన్నబోతారని ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తే ఎవరు నమ్ముతారు?"

కొత్త రిలే నా చేత్తోనే పెట్టి, ఆమె వైద్యం పూర్తయ్యేదాకా కూర్చుని, ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లాను. సాయంత్రం ఆయన అడిగారు. "అమ్మ చెప్పింది, బండి బాగయిందట. ఎవరు చూశారు?"

దారిలో ఎవరో చూశారంటే చాలు, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అత్తయ్య నా వైపే చూస్తోంది.

"నేనే చూశాను. రిలే పోయింది, మార్చాను. ఇకమీదట మెకానిక్‌తో కూడా నేనే మాట్లాడతాను."

"నీకెలా తెలిసింది?"

అది అనుమానమో ప్రశ్నో అర్థం కాలేదు. ఏదైనా, ఆ మాట ఆయన నన్ను అడగడం మా పెళ్లయిన పదకొండేళ్లలో అదే మొదటిసారి. ఇంతలో కుక్కర్ కూత వేసింది. అలవాటు కొద్దీ లేవబోయాను.

"నువ్వు కూర్చో. స్టవ్ వాడు కట్టేస్తాడు" అంది అత్తయ్య.

ఆయన మా ఇద్దరినీ ఒకసారి చూసి లోపలికి వెళ్లారు. ఆయన తిరిగి వచ్చి ఎదురుగా కూర్చునేదాకా ఆగి, అప్పుడు చెప్పడం మొదలుపెట్టాను.