రూత్ ఆంటీ అడిగిన ఖాళీ

హలో, వినిపిస్తోందా అండీ? అందరూ కులాసాయేనా? టీ గ్లాసు పట్టుకుని అలా కూర్చోండి, మా భిలాయి రూత్ ఆంటీ కథ చెప్తాను.

"మళ్లీ కొట్టీసినావేట్రా! అక్కడ ఖాళీ ఉంచమన్నాను గదా!"

క్యాంప్ 1 సందులో, బలరాం బ్యాండు షాపు ముందు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న రూత్ చెయ్యెత్తి అందర్నీ ఆపింది. డెబ్భై దాటిన మనిషి. ఎండకి కందిపోయిన మెడ, మోచేతుల దాకా గోధుమరంగు మచ్చలు, వెలిసిపోయిన నేతచీర. పుట్టింది అమెరికాలోనే గానీ, తెలుగు నేర్చుకున్నది విజయనగరం నుంచి వచ్చిన అత్తగారు సింహాచలమ్మ దగ్గర. అందుకే తిట్లు కూడా ఆ వైపువే.

పెద్ద డ్రమ్ము మెడకి తగిలించుకున్న బలరాం నవ్వాడు. "బారాత్‌లో డ్రమ్ము ఆగిందంటే ఊరేగీ పెళ్లోరు మీదికొచ్చీస్తారు ఆంటీ. ‘క్యా హువా, సో గయే క్యా’, ఏటైంది, నిద్దరోయినారేటి అంటారు. చెయ్యి దానంతటదే పడిపోతాది. నానేటి సేసేది?"

"ఇది పెళ్లి కాదురా నాయనా."

"మరేటిది?"

రూత్ కళ్లజోడు సర్దుకుంది. "ముందు వాయించు," అంది.

బ్యాండువాళ్లకి కాగితం మీద స్వరాలు అక్కర్లేదు. క్లారినెట్ వంతు, ట్రంపెట్ వంతు ఆమె నోటితో పాడితే వాళ్లు పట్టుకుంటారు. అలా ఆమె రాసిన పావుగంట సంగీతం మొత్తం పట్టేశారు. పట్టుబడనిది ఒక్కటే, మధ్యలో అందరూ ఆగిపోయే చోటు. అక్కడికి రాగానే బలరాం చెయ్యి కంగారుపడి దడదడమని నింపేస్తుంది. సాయంత్రమే సెక్టర్ 2 హాల్లో తెలుగు సంఘం వార్షికోత్సవం.

ఈ ఒక్కసారి తన సంగీతం తాను అనుకున్నట్టు వినాలని రూత్ కోరిక. అమెరికాలో చదువుకునే రోజుల్లో ఆమె రాసినది అక్కడి ఆర్కెస్ట్రా వాయించింది. ఆడపిల్లకి ఇంత మోత ఎందుకని పేపర్లో రాశారు. ఆ ఏడే ఉక్కు పని నేర్చుకోవడానికి అక్కడికి వచ్చిన పరబ్రహ్మాన్ని పెళ్లి చేసుకుని భిలాయి వచ్చేసింది. ఓడలో వచ్చిన పియానో రెండు వానాకాలాలకి ఉబ్బిపోయింది. పోనీలే అనుకుంది. స్కూల్లో పిల్లలకి పాటలు నేర్పుతూ, పప్పు ఉడికేలోపు వంటింటి బల్ల మీద రాసింది. రాసినవి పోస్టులో పంపేది. అక్కడెక్కడో వాయించేవారు. ఎప్పుడో క్యాసెట్టు వచ్చేది, ఒక్కోసారి అదీ వచ్చేది కాదు. పరబ్రహ్మం పోయాక కూడా రాయడం మానలేదు. తను మంచి సంగీతం రాస్తుందని ఆమెకి తెలుసు. ఆ సంగతిలో ఎవరినీ అడగలేదు.

బలరాం మళ్లీ నింపేశాడు. ఈసారి రూత్ కేకలెయ్యలేదు. కుర్చీ అతని దగ్గరికి జరుపుకుంది.

"మాదీ ఇలాటి ఉక్కు ఊరేరా. మా నాన్న ఫర్నేసు దగ్గర పనిచేసీవోడు. రాత్రీ పగలూ ఒకటే మోత. ఓ రోజు మిల్లు మూసీసినారు. నాన్న మిట్టమధ్యాన్నం ఇంటికొచ్చి మెట్ల మీద కూకున్నాడు. అప్పుడు విన్నాం, ఊళ్లో మోత లేదు. ఆ ఖాళీయే ఇది."

బలరాం డ్రమ్ము కిందికి దించాడు. అతని తండ్రి ఇక్కడి ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. "మా ప్లాంటు ఆగితే..." అని, ప్లాంటు వైపు చూశాడు. "సరే ఆంటీ. మీరు చెయ్యి దించినాక కొడతాను."

"నా చెయ్యి చూడకు. నీకు చాలనిపించినప్పుడు కొట్టు."

సాయంత్రం హాలు నిండింది. బ్యాండు అనగానే పిల్లలు ఎగరడానికి సిద్ధమయ్యారు. పాట సాగింది, పెరిగింది, ఆగింది.

బలరాం కర్రలు నేల మీద పెట్టి, రెండు అరచేతులూ డ్రమ్ము తోలుకి ఆనించాడు.

"మైకు పోయిందేటి? చూడండ్రా!" సంఘం సెక్రటరీ నరసింగరావు వెనకనుంచి అరిచాడు. ఎవరో నవ్వారు. బలరాం కదల్లేదు. నవ్వు తగ్గింది. అప్పుడు కిటికీల్లోంచి ప్లాంటు మోత లోపలికొచ్చింది, రోజూ ఉండేదే. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక ముసలి కార్మికుడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

అందరూ విన్నాక బలరాం అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు.

అయిపోయాక రూత్ స్టేజీ ఎక్కి, డ్రమ్ము మీద చెయ్యేసి నిలబడింది. "బాగా ఆపినావురా."

"చెమట్లు పట్టీసినాయి ఆంటీ. కసమ్ సే, ఒట్టు!"

"ఉండు, వచ్చే యేడుకి దీనికన్నా పెద్దది రాస్తాను. నీ కుర్రోళ్లకి చెప్పు." కళ్లజోడు తీసి డ్రమ్ము మీద పెట్టి, పమిటతో మొహం తుడుచుకుని, నవ్వుకుంటూ ఆటో ఎక్కింది.

మర్నాడు పొద్దున్న పాలావిడ ఎంత పిలిచినా రూత్ తలుపు తీయలేదు. పక్క క్వార్టరు రోహిణి తన దగ్గరున్న తాళంతో తీసి చూసింది. రూత్ పక్క మీద నిద్రపోయినట్టే ఉంది, ఒళ్లు మాత్రం చల్లబడిపోయింది.

ఈ కథ మీ ఊళ్లో బ్యాండు వాయించేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి తప్పకుండా పంపండి. ఇటువైపు వస్తే బలరాం షాపుకి రమ్మనండి. డ్రమ్ము మీద ఆమె మరిచిపోయిన కళ్లజోడు అక్కడ బ్యాండువాళ్ల టోపీల పక్కన మేకుకి వేలాడుతోంది, ఒక కాడకి ఎర్రదారం చుట్టి.