లొవెల్ గారు విన్న టిక్కు

మా డెలూత్ ఊరి లైబ్రరీలో కంప్యూటర్లు బాగుచేసేది నేనే. ఉచిత ప్రోగ్రాం ఒక్కటి పెట్టుకోబోయి, అడగని చెత్త నాలుగు రకాలు ఎక్కించుకోనివాళ్లు ఈ ఊళ్లో లేరనే అనుకునేదాన్ని, నాతో సహా. చూపులేని లొవెల్ గారు, వదులైన మూత బిగించమని తన ల్యాప్‌టాప్ తెచ్చారు. తెరిస్తే లోపల అలాంటి చెత్తేమీ లేదు, కడిగిన పళ్లెంలా ఉంది.

“ఇందులో ప్రోగ్రాములు ఎవరు పెట్టారండీ?”

“నేనే. ఇదిగో, ఇంకోటి పెడుతున్నా, విను.”

తెర మీది ప్రతి మాటనూ కంప్యూటర్ పైకి చదువుతోంది. ఆయన తల వంచి వింటున్నారు.

“వాతావరణం టూల్‌బార్ కూడా పెట్టు. టిక్ చేసి ఉంది,” అంది కంప్యూటర్.

నేనైతే చూడకుండా నెక్స్ట్ కొట్టేసే పేజీ అది. ఆయన ఒక్క మీట నొక్కి ఆ టిక్కు తీసేశారు.

“అడక్కుండానే వడ్డించేస్తారమ్మా.”

నేను మూత బిగించడానికి స్క్రూడ్రైవర్ అందుకున్నాను.

“కళ్లున్నవాళ్లకి ఇది ఇంకా తేలిక కదూ?” అన్నారు. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగారు.