కుడికాలి బూటు

చేతినిండా వరిగడ్డి తీసుకుని, రెండుసార్లు దులిపి, పెట్టె అడుగున పరిచి, అరచేత్తో నొక్కి, పెట్టెను ఎడమవైపుకు తోశాడు వీరయ్య. అటు కూర్చున్న ఆడవాళ్ళు అందులో బంగినపల్లి కాయలు పేరుస్తారు. ఆ పెట్టె వెళ్ళేలోపే ఇంకోటి ముందుకొస్తుంది. పన్నెండేళ్ళుగా ప్రతి వేసవిలోనూ అతని పని ఇదే. ఇవాళ మాత్రం ప్రతి గుప్పెడునీ వేళ్ళతో విడదీసి మరీ చూస్తున్నాడు. వెతుకుతున్నది అందులో ఉండదని అతనికి తెలుసు. అది శనివారం మధ్యాహ్నమే ఢిల్లీ లారీ ఎక్కి వెళ్ళిపోయింది.

అరవై రెండేళ్ళ మనిషి. బక్కపలచటి ఒళ్ళు, మోచేతుల దాకా మామిడి సొన పడి కాలిన నల్లటి మచ్చలు. వయసులో ఉన్నప్పుడు నూజివీడు చుట్టుపక్కల తోటల్లో అతను చిక్కం కర్ర పట్టాడంటే ఒక్క కాయ నేల తాకేది కాదు. పొడుగాటి గెడ, చివర వలసంచి. తొడిమ తెగిన కాయ ఆ సంచిలో పడేది. ఒక ఏడు కొమ్మ విరిగి కిందపడ్డాడు. కుడి మోకాలు మళ్ళీ తిన్నగా కాలేదు. అప్పటినుంచీ మైలవరం రోడ్డు మీద పాండురంగారావు గారి షెడ్డులో ఇలా కూర్చున్నాడు. చిక్కం కర్ర ఇంటి చూరుకింద వేలాడుతోంది.

వీరయ్య ఎండకు భయపడలేదు, చెట్టుకు భయపడలేదు, పస్తులకీ భయపడలేదు. జీవితంలో ఒక్కదానికే భయపడ్డాడు: నలుగురు నవ్వుతారని. కాలు విరిగి చెట్టు కింద పడి ఉన్నప్పుడు కూడా ముందు చుట్టూ చూశాడు, ఎవరైనా నవ్వుతున్నారేమోనని. పెళ్ళయిన కొత్తలో రమణమ్మ సైకిలు నేర్చుకుని తోటకి తొక్కుకుంటూ వచ్చింది. ఎవరో ఈల వేశారు. మర్నాటినుంచి ఆ సైకిలు చక్రాల్లో గాలి నిలవలేదు. వాల్వు ట్యూబులు వీరయ్య మొలలో ఉన్నాయని ఆవిడకి తెలుసో తెలియదో, మళ్ళీ సైకిలు ఊసెత్తలేదు. ముప్ఫై రెండేళ్ళుగా నడిచే వెళ్తోంది.

అలాంటివాడి ఇంటికి జ్యోతి కోడలుగా వచ్చింది. ఇంటరు చదివిన పిల్ల. అటవీ శాఖలో బీటాఫీసరు ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది నడక పరీక్ష. ఆడవాళ్ళయితే నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు పూర్తిచెయ్యాలి. నడుస్తారో పరిగెడతారో వాళ్ళిష్టం. ఆరు నెలలుగా ఇల్లంతా దానిచుట్టే తిరుగుతోంది. తెల్లారకముందే జ్యోతి ట్రాకు ప్యాంటు వేసుకుని మైలవరం రోడ్డెక్కేది. వెనక భర్త చందు తన ట్రాలీ ఆటో మీద, ఒక చేత్తో ఫోను పట్టుకుని నిమిషాలు చెబుతూ వెళ్ళేవాడు. రమణమ్మ రాత్రే పెసలు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక గుప్పెడు కోడలికి, గుప్పెడు కొడుక్కి పెట్టేది. ఆవిడ కూడా, నడుం పట్టేస్తోందన్న వంకతో, కోడలి వెనక రెండు మైళ్ళు నడవడం మొదలుపెట్టింది. ఇంట్లో మంచం దిగనిది వీరయ్య ఒక్కడే. అందరూ వెళ్ళాక కళ్ళు తెరిచి, తిరిగొచ్చేటప్పటికి మళ్ళీ మూసుకునేవాడు.

గురువారంనాడు షెడ్డులో టీ తాగుతుండగా పాండురంగారావు గారన్నాడు. "ఏం వీరయ్యా, మీ కోడలు ముందు పరిగెడుతుంటే మీవాడు బండేసుకుని వెనకాల పడుతున్నాడు. ఇల్లొదిలి పారిపోతోందా ఏంటి?"

షెడ్డంతా నవ్వింది. వీరయ్య కూడా నవ్వాడు. అలా నవ్వినందుకు ఆ రోజు అన్నం సయించలేదు. అంతకన్నా, రేపు మళ్ళీ ఈ మాట అంటారేమోనన్న బెంగతో నిద్ర పట్టలేదు.

శుక్రవారం జ్యోతి పరుగు ముగించి స్నానానికి వెళ్ళగానే, అరుగు మీద విప్పిన బూట్లు తీసి అన్నం సంచిలో పెట్టుకున్నాడు. రెండ్రోజులు బూట్లు కనిపించకపోతే పరుగు ఆగుతుంది, నవ్వులూ ఆగుతాయి. సోమవారం పరీక్ష, ఆదివారం సాయంత్రానికి తెచ్చి యథాస్థానంలో పెడితే సరి. ఇదీ లెక్క. షెడ్డులో తన గడ్డికుప్పలో అడుగున దాచాడు. ఆ కుప్ప జోలికి ఎవరూ రారని పన్నెండేళ్ళ నమ్మకం.

శనివారం ఢిల్లీకి అర్జంటు లోడు పడింది. వీరయ్యను కాయలు లెక్కచూడమని తోటకి పంపారు. అతను లేనప్పుడు కొత్తగా పనిలోకొచ్చినవాళ్ళు అతని కుప్పలోంచే చేతినిండా గడ్డి లాగి పెట్టెల్లో కుక్కారు. తొందరలో అందులో ఏముందో ఎవరు చూస్తారు. ఆదివారం సాయంత్రం కుప్పంతా తిరగేస్తే కుడికాలిది ఒక్కటే దొరికింది. ఢిల్లీలో ఎవరో పెట్టె విప్పి, పైన బంగినపల్లి, కింద బూటు చూసి నూజివీడువాళ్ళని ఏమనుకుంటారో. ఇంకెవరి కథయినా అయితే వీరయ్యకీ నవ్వొచ్చేది.

ఒంటి బూటు తీసుకెళ్ళి ఏమని ఇస్తాడు? ఉత్త సంచితో ఇంటికి వెళ్ళాడు.

ఇంట్లో అప్పటికే తీర్పు అయిపోయింది. బూట్లు వీధికుక్క ఎత్తుకుపోయిందని రమణమ్మ అంది. శనివారం పొద్దున్నే చందు ఆ ఎర్రకుక్క మీదికి రాయి విసిరాడు. అది వెనక కాలు ఎత్తుకుని కుంటుకుంటూ సందులోకి పోయింది. తేలుకుట్టిన దొంగలా వీరయ్య అరుగు మీదే కూర్చున్నాడు. దానికీ అదే కాలు, కుడిది. తన మోకాలి మీద చెయ్యేసి రుద్దుకున్నాడు.

శనివారం సాయంత్రమే చందు నూజివీడు వెళ్ళి కొత్త బూట్లు తెచ్చాడు. జ్యోతి వేసుకుని వాకిట్లో నాలుగడుగులు వేసి, "కరుస్తన్నాయి, చూద్దాంలే," అంది. ఆరు నెలలు తొడిగిన బూటు వేరు, అట్టపెట్టెలోంచి తీసిన బూటు వేరు. చెప్పుల్లేకుండా తోటలు తిరిగిన వీరయ్యకి కూడా ఆ మాత్రం తెలుసు.

ఇవాళ సోమవారం. పొద్దున్న ఆరింటికి ఏలూరు దగ్గర పరీక్ష మొదలై ఉంటుంది. ఎనిమిదింటికి ఎండ షెడ్డు రేకుల మీదికొచ్చింది. తొమ్మిదింటికి రేకులు చిటపటమన్నాయి. తారురోడ్డు ఎలా ఉంటుందో అతను ఆలోచించదలుచుకోలేదు, కాని గడ్డి పరిచిన ప్రతిసారీ అదే ఆలోచన వచ్చింది. జేబులో ఫోను మోగకపోతే భయం, మోగితే ఇంకా భయం.

పదిన్నరకి మోగింది. చందు.

"అయింది నాన్నా. ఆరు నిమిషాలే మిగిలినయ్యి."

"కాళ్ళో?" అన్నాడు వీరయ్య.

"బూట్లు కొరికేసినయ్యి. సగంలో విప్పేసి ఉత్త కాళ్ళతో నడిచింది. చూళ్ళేకపోతన్నా నాన్నా," అని పెట్టేశాడు.

సంగతి షెడ్డంతా పాకింది. కాయలు పేర్చే ఆడవాళ్ళు చేతులు ఆపి అతనివైపు చూశారు. పాండురంగారావు గారు కుర్చీలోంచి లేచి వచ్చి భుజం తట్టాడు. "నేను ఎప్పుడో అనుకున్నా వీరయ్యా, ఆ పిల్లలో సత్తా ఉందని. అదృష్టవంతుడివి." గురువారం అన్న మాట ఆయనకి గుర్తే లేదు. అని, టీ తాగి, మరిచిపోయాడు. ఆ మరిచిపోయిన మాట కోసమే వీరయ్య ఆ బూట్లు దాచాడు.

"మీ దయండీ," అన్నాడు.

ఆయన ఒక పెట్టె చిన్నరసాలు ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. పెట్టెలో గడ్డి పరిచింది వీరయ్యే. సాయంత్రం దాన్ని భుజానికెత్తుకుని, కుంటుకుంటూ ఇంటికి నడిచాడు. దారిలో ముగ్గురు పలకరించి మెచ్చుకున్నారు. నలుగురూ మెచ్చుకోవడం ఇంత బరువుగా ఉంటుందని అతనెరగడు.

జ్యోతి మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది. అరికాళ్ళు బొబ్బలెక్కి, మడమల దగ్గర తోలు లేచి, ఎర్రగా ఉన్నాయి. రమణమ్మ వెన్న రాస్తోంది.

"వచ్చారా మావయ్యా," అంది జ్యోతి. "పాసయ్యా."

"ఆఁ, చెప్పాడమ్మా," అని పెట్టె కిందపెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ కాళ్ళ దగ్గర ఇంకో క్షణం నిలబడలేకపోయాడు.

కాసేపటికి రమణమ్మ చేతులు కడుక్కోవడానికి వచ్చింది. అతను ముఖం తిప్పుకున్నాడు. ఆవిడ చెంబు వంచి నీళ్ళు పోసుకుంటూనే, గొంతు పెంచకుండా అడిగింది.

"బూట్లు నీ గడ్డిలో పెట్టావా?"

వీరయ్య వంగి మోకాలు రుద్దుకున్నాడు.

"అప్పుడు నాకు సైకిలు వాల్వు. ఇప్పుడు దానికి బూటు. చేతులు ఊరుకోవు కదయ్యా నీకు."

"ఇచ్చేద్దామనే అనుకున్నా రమణా."

"నాదీ ఇచ్చేద్దామనే అనుకుని ఉంటావు," అని చెంగుకి చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

ఆ రాత్రి చెబుదామనుకున్నాడు. మర్నాడు చెబుదామనుకున్నాడు. మామిడి అయిపోయింది, వానలొచ్చాయి, నాట్లయ్యాయి. ప్రతి రోజూ నోటిదాకా వచ్చేది, మింగేసేవాడు. షెడ్డునుంచి తెచ్చిన ఒంటి బూటు చూరుకిందున్న చిక్కం సంచిలో పడేసి ఉంచాడు. ఇంట్లో దాన్ని ముట్టేది తనొక్కడే. రోజూ తన కంచంలోంచి నాలుగు ముద్దలు తీసి ఎర్రకుక్కకి పెట్టేవాడు. అది తింటూ అతన్ని నమ్మకంగా చూసేది. దాని ముందు కూడా తల ఎత్తలేకపోయేవాడు.

మళ్ళీ తోటలు పూతకొచ్చే వేళకి జ్యోతికి ఉత్తర్వు వచ్చింది. ముందు శిక్షణ, తర్వాత ఎక్కడ వేస్తే అక్కడ, చింతలపూడి అవతల అడవేనేమో అన్నారు. చందు తన ఆటోతో సహా వెంట వెళ్తున్నాడు. పొద్దున్నే సామాను ట్రాలీలోకి ఎక్కించారు. రమణమ్మ, చందు లోపల తాళ్ళు వెతుకుతున్నారు. జ్యోతి అరుగు దిగబోతోంది. వీరయ్య చూరుకింద చెయ్యిపెట్టి, చిక్కంలోంచి బూటు తీసి, రెండు చేతులతో పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"కుక్క కాదమ్మా," అన్నాడు. "నేనే."

జ్యోతి బూటు వైపు చూసింది కాని ఉలిక్కిపడలేదు.

"తెలుసు మావయ్యా. ఆ రోజు స్నానం చేసి వస్తుంటే మీ సంచిలోంచి లేసు వేలాడుతోంది. మడమ దగ్గర ఊడింది కదా, కుట్టించడానికి పట్టుకెళ్తున్నారనుకున్నా. మర్నాడు కుక్క ఎత్తుకుపోయిందన్నా మీరు నోరు విప్పలేదు. అప్పుడర్థమైంది."

"మరి అడగలేదేమ్మా?"

"అడిగితే ఆయన వింటాడు, గొడవవుద్ది, వీధిలో పడుద్ది." ఒక్క క్షణం ఆగింది. "నలుగురూ మిమ్మల్ని చూసి నవ్వుతారు కదా మావయ్యా."

కోపంగా అనలేదు. దెప్పుతున్నట్టు కూడా అనలేదు. అతను జీవితమంతా దేనికి భయపడ్డాడో, అది అతని దాకా రాకూడదని ఆ పిల్ల నోరు మూసుకుని కాలే తారు మీద నడిచింది. వీరయ్యకు ఆమె ముఖంలోకి చూసే ధైర్యం చాల్లేదు. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"కుక్క సంగతిలో మాత్రం నాకూ సిగ్గే," అంది జ్యోతి. "రాయి పడ్డప్పుడు చెప్పాల్సింది. దానికి అన్నం పెడతన్నారుగా, మానకండి."

"క్షమించమ్మా" అనాలని నోరు తెరిచాడు. చందు తాడు పట్టుకుని బయటకొచ్చాడు. జ్యోతి బూటు తీసుకుని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక్కటి నేనేం చేసుకోను, ఉంచండి," అని మెల్లగా అరుగు మీద పెట్టింది. ఒంగి అతని కాళ్ళకి, అత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టి ట్రాలీలో సామాను పక్కన కూర్చుంది. ఆటో మైలవరం రోడ్డెక్కి, ఆమె రోజూ పరిగెత్తిన దారినే వెళ్ళిపోయింది. రమణమ్మ కళ్ళొత్తుకుంటూ లోపలికి నడిచింది.

ఎర్రకుక్క కుంటుకుంటూ వచ్చి అరుగు కింద పడుకుంది. పైన, వీరయ్య అరిగిన చెప్పుల పక్కన, కుడికాలి బూటు ఉంది. అడుగున రోడ్డుపక్క ఎర్రమన్ను ఇంకా అలాగే ఉంది, ఊడిన మడమలో ఒక గడ్డిపరక ఇరుక్కుని ఉంది.