చిన్నగదిలో తుపాకులు

వాషర్ల డబ్బా మళ్ళీ జారింది.

హన్మంతు పట్టుకోబోయాడు కాని, కుడిచెయ్యి ఒక్క క్షణం ఆలస్యంగా కదిలింది. డబ్బా కౌంటరు అంచుకు తగిలి బోర్లాపడి, ఇత్తడి వాషర్లన్నీ సిమెంటు నేల మీద గలగలమంటూ చెల్లాచెదురయ్యాయి. కిటికీ అవతల నిలబడ్డ ఇంజనీరు "నో వరీస్, హన్" అన్నాడు. ఆ ఫ్యాక్టరీలో అందరూ అతన్ని హన్ అనే పిలుస్తారు. చేరిన కొత్తలో పూర్తి పేరు రెండు మూడుసార్లు చెప్పి చూసి, ఇక విడిచిపెట్టాడు.

మోకాళ్ళ మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. పల్చటి వాషరు నేలకు అంటుకుపోతే గోటితో లేపాలి. గోరు అంచు కిందికి పోయేలోపు వేలు వణుకుతుంది. లేచినట్టే లేచి మళ్ళీ పడిపోతుంది. చివరికి అరచేతిని ఉమ్మితో తడి చేసుకుని, వాషర్ల మీద అద్ది, అంటుకున్నవాటిని డబ్బాలోకి దులిపాడు. ఎవరైనా చూశారేమోనని తలెత్తాడు. ఇంజనీరు ఫోను చూసుకుంటున్నాడు. చూడనట్టు నటిస్తున్నాడని హన్మంతుకు తెలుసు.

ఇంగ్లండులోని స్టీవెనేజ్‌లో విమానాల విడిభాగాలు చేసే ఆ ఫ్యాక్టరీ స్టోర్స్‌లో అతను ఇరవై ఏళ్ళకు పైగా పనిచేస్తున్నాడు. పొట్టిగా, వెడల్పాటి భుజాలతో ఉంటాడు. నెత్తిమీద మిగిలిన నాలుగు వెంట్రుకలనూ ప్రతి ఉదయం నీళ్ళతో తడిపి పక్కకు దువ్వుతాడు. అడిగిన బోల్టు తెచ్చి ఇస్తాడు, సంతకం తీసుకుంటాడు, కిటికీ మూస్తాడు. అతని గురించి ఎవరికీ ఫిర్యాదు లేదు. ఎవరికీ పెద్దగా ఏమీ తెలియదు కూడా.

షిఫ్టు అయ్యేముందు సూపర్‌వైజర్ డీన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. సోమవారం నుంచి కౌంటరు పని వేరేవాళ్ళు చూసుకుంటారనీ, అతను లోపల కుర్చీలో కూర్చుని స్కానరు పని చూస్తే చాలనీ చెప్పాడు. చాలా మర్యాదగా చెప్పాడు, భుజం కూడా తట్టాడు. అరిచి చెప్పినా బాగుండేదనిపించింది హన్మంతుకు. తలూపి, కోటు తగిలించుకున్నాడు. జిప్పు కింది కొనలు ఒకదానిలో ఒకటి దూరలేదు. అలాగే వదిలేసి వానలోకి నడిచాడు.

బస్సు రాలేదు. వస్తున్నట్టు బోర్డు మీద చూపించి, దగ్గరికొచ్చాక ఆ అక్షరాలే మాయమయ్యాయి. తడుస్తూ నిలబడ్డాడు. సాయంత్రం ట్రెవర్ అనే మనిషి ఇంటికొస్తానన్నాడు. మేడమీది చిన్నగదిలో ఉన్న పాత తుపాకులన్నిటినీ కొని తీసుకుపోవడానికి. ఆరు తుపాకులు దుప్పట్లలో చుట్టి సిద్ధంగా ఉన్నాయి. తుప్పు తుడవడానికి విప్పిన ఏడోది మాత్రం ముక్కలుగా, పాత న్యూస్‌పేపర్ మీద పరిచి ఉంది. అన్నీ పనిచేసే స్థితిలో ఉన్నాయని ఫోన్లో ట్రెవర్‌కు మాట ఇచ్చాడు. వారం రోజులుగా రోజూ పనినుంచి రాగానే ఆ ఏడోదానితోనే కుస్తీ.

ఆ ఏడోదే అతను మొదట కొన్నది.

హైదరాబాదులో ఉన్నప్పుడు హన్మంతు బాలానగర్‌లో టర్నర్. లేతు మిషను మీద వెంట్రుకవాసి తేడా రాకుండా ఇనుము చెక్కేవాడు. భార్య జయలక్ష్మికి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. చిన్నపిల్ల స్రవంతిని ఎత్తుకుని ఆమె వెనకే వచ్చాడు. మిషన్ల పని ఇక్కడా దొరుకుతుందనుకున్నాడు. దొరకలేదు. ఒకచోట ఇంగ్లీషు చాలదన్నారు, ఒకచోట ఇక్కడి సర్టిఫికెట్ కావాలన్నారు. మొదటి చలికాలమంతా జయలక్ష్మి డ్యూటీకి పోతే, పిల్లను బడిలో దింపి వచ్చి, మధ్యాహ్నం దాకా వంటింటి కుర్చీలో తన చేతులు తాను చూసుకుంటూ కూర్చునేవాడు.

ఒక ఆదివారం ఊరి బయట మైదానంలో కార్ల డిక్కీలు తెరిచి పాతసామాను అమ్ముతుంటే, పిల్లకు స్వెటర్ కోసం వెళ్ళాడు. కప్పులూ సాసర్ల మధ్యన ఆ తుపాకి పడి ఉంది. బర్మింగ్‌హామ్‌లో ఎప్పుడో చేసిన వేట తుపాకి. ఒకే గొట్టం, మూతి నుంచి మందు దట్టించే రకం. మందు అంటుకునేలా దెబ్బ కొట్టే చిన్న సుత్తి తుప్పుతో బిగుసుకుపోయింది. పక్కనున్న ఇనుప రేకు మీద ఎవరో చెక్కిన తీగలూ ఆకులూ మట్టి కింద లీలగా కనబడుతున్నాయి. అంత పాతవి గోడకు అలంకారంగా పెట్టుకుంటే లైసెన్సు అక్కర్లేదని అమ్మినాయన చెప్పాడు. హన్మంతు దాన్ని తిప్పి చూశాడు. రేకు చెక్కలో ఎక్కడా సందు లేకుండా ఒదిగి ఉంది. ఇది చేత్తో చేసిన పని అని అతనికి వెంటనే తెలిసిపోయింది. స్వెటర్ కొనకుండా తుపాకితో ఇల్లు చేరాడు.

ఆ చలికాలమంతా దానితోనే గడిచింది. కిరోసిన్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో తోమి, ఒక్కొక్క మరా విప్పి, నూనె పట్టించి. చలికాలం పోయేసరికి సుత్తి కదిలింది. వెనక్కి లాగితే టక్కుమని నిలిచింది. ఆ చప్పుడుకు అతను వంటింట్లో ఒక్కడే నవ్వుకున్నాడు. ఆ తర్వాత స్టోర్స్‌లో ఉద్యోగం వచ్చింది, మిగతా తుపాకులూ ఒకటొకటిగా వచ్చాయి. ఎన్నడూ ఒక్కటీ పేల్చలేదు. పేల్చాలని అనిపించలేదు కూడా.

జయలక్ష్మి మాత్రం ఆ చిన్నగదిలో కాలు పెట్టలేదు. ఆమెది కరీంనగర్ అవతల అడవి పక్క ఊరు. చిన్నప్పుడు అడవిలోంచి వచ్చేవాళ్ళ భుజాల మీదా తుపాకులు చూసింది, వాళ్ళను వెతుక్కుంటూ వచ్చే పోలీసుల భుజాల మీదా చూసింది. ఇద్దరికీ అన్నం వండిపెట్టిన ఆమె పెదనాన్న ఒకరోజు పొలం నుంచి తిరిగిరాలేదు. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారే ఆ సంగతి చెప్పింది. అది తెలిసి కూడా తుపాకి ఇంటికి తెచ్చాడు హన్మంతు. కొన్నాళ్ళు పోట్లాడింది, తర్వాత మానేసింది. ఇన్నేళ్ళూ ఆ గది ఊడ్చుకున్నదీ తుడుచుకున్నదీ హన్మంతే.

కిందటేడు సూపర్‌మార్కెట్ కారుపార్కులో ముందు నడుస్తున్న భర్తను చూసి, ఒక చెయ్యి ఊగుతోంది, ఒకటి ఊగట్లేదని కనిపెట్టింది ఆమే. జీపీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది ఆమే. పెద్ద డాక్టరు పార్కిన్సన్స్ అన్నప్పుడు, ఆ మాట తనకు ముందే తెలిసినట్టు కళ్ళు దించుకుంది. వేసవిలో గొట్టాల మీద మళ్ళీ తుప్పు చుక్కలు లేచాయి. తుడవబోతే నూనె సీసా ఒలికింది. చెక్కకు గరుకు కాగితం రాయబోతే చెయ్యి పక్కకు పోయి చెక్కడాన్ని గీరింది. లండన్‌లోని వెంబ్లీలో ఉంటున్న స్రవంతి ఫోన్లో, "డాడ్, జస్ట్ లెట్ దెమ్ గో" అంది. ఒకరోజు అన్నం తింటూ, అమ్మేస్తానని అతనే అన్నాడు. జయలక్ష్మి పెరుగు గిన్నె ఇటు జరిపింది.

ఇల్లు చేరేసరికి బట్టలు తడిసి ముద్దయ్యాయి. టీ వద్దని, కోటైనా విప్పకుండా నేరుగా పైకెక్కాడు. బల్ల లైటు వేసి న్యూస్‌పేపర్ ముందు కూర్చున్నాడు. మిగతావన్నీ బిగించాడు. మిగిలింది ఒక్క స్ప్రింగు, అది కూర్చుంటే రేకును చెక్కలో బిగించెయ్యొచ్చు. పట్టకారులా రెండు కాళ్ళతో వంగిన బద్ద. దాన్ని బిగువుగా నొక్కిపట్టి, ఒక కాలి బొడిపెను రేకు చిల్లులో దించి, రెండో కాలి కొక్కేన్ని సుత్తి అడుగున తగిలించాలి. రెండూ ఒకేసారి కావాలి. ఒకప్పుడు మాట్లాడుతూ మాట్లాడుతూ చేసిన పని.

బొడిపె చిల్లు అంచుదాకా వచ్చింది. చెయ్యి వణికింది. మళ్ళీ పెట్టాడు. ఎడంచేత్తో కుడి మణికట్టును పట్టుకున్నాడు. అప్పుడు స్ప్రింగు పట్టుకునే చెయ్యి లేకపోయింది. మోచేతిని బల్లకు అదిమిపెట్టి ఊపిరి బిగబట్టాడు. బొడిపె దిగింది. కొక్కేం దగ్గరికి తెస్తుండగా స్ప్రింగు ఎగిరి గోడకు కొట్టుకుని రేడియేటరు వెనకాల పడింది.

హన్మంతు స్క్రూడ్రైవరు తీసి తలుపుకేసి కొట్టాడు.

జయలక్ష్మి పైకొచ్చింది. గడప దగ్గర ఆగింది. భర్త నేలమీద బోర్లా పడుకుని, రేడియేటరు కిందకు చెయ్యి చాపి తడుముతున్నాడు. ఎందుకు అంత అవస్థ, ముక్కలుగానే ఇచ్చెయ్యరాదా, కొనేవాడే బిగించుకుంటాడని అంది. అతను లేవకుండానే కసిరాడు. నీకేం తెలుసన్నాడు. ఇన్నాళ్ళూ పొమ్మన్నావు, పోతున్నయి, ఇంకేం కావాలన్నాడు. ఆమె కిందికి వెళ్ళిపోయింది.

స్ప్రింగు దొరికింది కాని హన్మంతు లేవలేదు. దుమ్ములో అలాగే పడుకుని ఉన్నాడు. మెట్ల మీద మళ్ళీ అడుగుల చప్పుడైంది. జయలక్ష్మి గడప దాటి లోపలికొచ్చింది. చేతులకు నీలిరంగు గ్లవుజులు తొడుక్కుని ఉంది, వార్డులో వేసుకునేలాంటివి.

"ఎట్ల పట్టుకోవాల్నో చెప్పుండ్రి," అంది.

అతను లేచి కూర్చున్నాడు. కుర్చీ ఆమెకిచ్చి పక్కన నిలబడ్డాడు. ఎక్కడ నొక్కాలో, ఏ కాలు ముందు దిగాలో వేలితో చూపించాడు. ఆ వేలు గాలిలో గీతలు గీస్తుంటే ఆమె వేలిని కాక అతను చెప్పే మాటలను పట్టుకుంది. ముప్పై ఏళ్ళు ముసలివాళ్ళ సన్నటి నరాల్లో సూదులెక్కించిన చేతులు అవి. స్ప్రింగును నొక్కితే అలాగే నిలిచాయి. బొడిపె చిల్లులో కూర్చుంది. కాని కొక్కేం దగ్గర నూనెకు గ్లవుజు జారింది. రెండోసారీ జారింది.

"పోనియ్యి జయా," అన్నాడు హన్మంతు. "నీకు ఇష్టం లేని పని."

ఆమె రెండు గ్లవుజులూ ఊడదీసి పక్కన పడేసింది. ఒట్టి వేళ్ళతో ఇనుమును పట్టుకుంది. చల్లదనానికో మరి దేనికో ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచింది.

"జర ఎడమకు," అన్నాడతను. "ఇంకొంచెం. గట్లనే. ఇప్పుడు మెల్లగ విడువు."

కొక్కేం తగులుకుంది. మిగతాది అతనే చెప్పాడు, ఆమే బిగించింది. రేకును చెక్కలో కూర్చి మరలు తిప్పింది. సుత్తిని వెనక్కి లాగమన్నాడు. ఆమె బొటనవేలితో లాగింది. టక్కుమని నిలిచింది. ఆ చప్పుడుకు ఆమె ఉలిక్కిపడి, వెంటనే భర్త ముఖం వంక చూసింది. అతను కిటికీ వైపు తిరిగాడు.

ట్రెవర్ చెప్పిన వేళకే వచ్చాడు. ఎర్రటి ముఖం, పెద్ద గొంతు, నీళ్ళు కారుతున్న బూట్లు. ఊరవతల ఒక హోటలువాళ్ళు పాతకాలపు అలంకరణ కావాలన్నారట, గోడ నిండా తగిలిస్తారట. దారిలో ట్రాఫిక్ గురించి, వాన గురించి మాట్లాడుతూనే ఒక్కొక్క తుపాకినీ తీసి బబుల్ ర్యాపులో చుట్టాడు. ఏడోది చేతికొచ్చినప్పుడు హన్మంతు ఒకడుగు ముందుకు వేశాడు. ఇది పూర్తిగా పనిచేస్తుంది, లాగి చూడండి అన్నాడు. ట్రెవర్, అక్కర్లేదు మిత్రమా, నీ మాట చాలన్నాడు. పైగా ఎవరూ ముట్టుకోకుండా ఆ సుత్తిని ఎలాగూ వెల్డింగు చేయించేస్తారని నవ్వుతూ చెప్పాడు. ప్లాస్టిక్ ర్యాపు దాని చెక్కడాల మీద చుట్టుకుపోయింది.

హన్మంతు తుపాకుల్ని వ్యానుదాకా మోయడానికి చెయ్యి సాయం పట్టబోతే, వద్దు వద్దు, మీరు కష్టపడకండని ట్రెవర్ తానే రెండేసి చొప్పున మోసుకుపోయాడు. వ్యాను వెనక తలుపులు మూసుకున్నాయి. వీధి చివర ఎర్రలైట్లు వానలో ఒకసారి వెలిగి మలుపు తిరిగాయి.

జయలక్ష్మి గుమ్మంలోనే నిలబడి ఉంది. ముఖం కందిపోయింది.

"గంత కష్టపడి బిగించినం గదా," అంది. "ఒక్కసారన్న లాగి చూడకపాయె. వెల్డింగ్ చేస్తడట, వెల్డింగు. వానికి చేతులు లెవ్వా?"

ఆమె కోపం చూసి హన్మంతు ఆశ్చర్యపోయాడు. "వెనక్కి పిలువాల్నా?" అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వ్యాను పోయినవైపే ఇద్దరూ ఇంకా చూస్తున్నారు. తర్వాత ఆమె అతని కోటు రెండంచులూ పట్టుకుని, జిప్పు కొనలు కలిపి గొంతుదాకా లాగింది. ఇంట్లోనే ఉన్నాం గదా అన్నాడతను. తడిసి ఉన్నరు, సలి పెడ్తదని ఆమె అంది.

టీ తాగాక అతను లైటు ఆర్పడానికి చిన్నగదికి వెళ్ళాడు. గోడలు ఖాళీ. బల్ల మీద న్యూస్‌పేపర్, దానిమీద రెండు నీలి గ్లవుజులు. హడావిడిగా ఊడదీయడంతో ఒకటి లోపలిది బయటికి తిరగబడి ఉంది, రెండోదాని వేళ్ళలో ఇంకా కొంచెం గాలి మిగిలి ఉంది.