ఊ కొట్టిన ఉద్యోగం

ఎదుటివాళ్ల మనసు చదవడంలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. వాళ్లు సగం చెప్పేసరికి మిగతా సగం నేనే చెప్పేస్తాను, సలహాతో సహా. బట్టలుతికే మెషిన్ల కంపెనీలో ఫోన్లకు జవాబు చెప్పే నాకు ఈ విద్య వల్ల ఒరిగింది రెండు ఫిర్యాదులు. మూడోది వస్తే ఉద్యోగం ఊడుతుందని మేనేజరు తేల్చేశారు. సోమవారం పక్కనే కూర్చుని వింటానన్నారు కూడా.

ఆదివారం ఈ సంగతి విని మా ఆవిడ నాకు ఓపిక తక్కువంది. నాకసలు కోపమే రాదని గంటసేపు అరిచి నిరూపించాను. పొద్దున లేచేసరికి గొంతు పోయింది. ఎంత గింజుకున్నా "ఊ" తప్ప మరో ముక్క రాలేదు. ఆ రోజు సెలవు పెడితే ఇక రోజూ సెలవే. చచ్చినట్టు వెళ్లాను.

మేనేజరు హెడ్‌ఫోన్ తగిలించుకుని పక్కన చేరారు. మొదటి ఫోనే ఒక పెద్దావిడది. మా ఆఫీసులో ఇప్పటికే ఆరుగురిని ఉతికి ఆరేసిన మనిషి.

మెషిన్ గదంతా నడుస్తోందని మొదలుపెట్టింది. నేల ఎగుడుదిగుడుగా ఉందేమో చూసుకోమని చెప్పబోయాను. "ఊ" అని వచ్చింది. నీళ్లు పోవడం లేదంది. "ఊ." ముగ్గురు మెకానిక్‌లు వచ్చి చూసి పోయారంది. "ఊఁ?" అన్నాను, ఈసారి నిజంగానే ఆశ్చర్యపోయి.

పెద్దావిడ గొంతు తగ్గింది. అది కోడలు ముచ్చటపడి కొనుక్కున్న మెషిన్. కోడలు ఇంట్లో లేనప్పుడు దుప్పట్లన్నీ ఒకేసారి కుక్కి తిప్పింది ఈవిడే.

"పాడుచేసింది నేనేనని దానికి చెప్పలేక మీమీద అరుస్తున్నాను బాబూ," అంది.

ఆ భయం నాకు తెలుసు. గొంతు పోయిందని మేనేజరుకు తెలియకుండా పొద్దుటినుంచీ నెట్టుకొస్తున్నవాణ్ణి. ఒక్క సలహా కూడా గుర్తుకు రాలేదు. "ఊ" అన్నాను, మనస్ఫూర్తిగా.

"ఇన్నాళ్లకి ఒక మనిషి దొరికాడు," అని పెద్దావిడ ముక్కు చీదుకుంది. మెకానిక్ ఎప్పుడొస్తాడో ఆవిడ ఫోనుకి మెసేజ్ పంపాను.

సాయంత్రానికి నలభై ఫోన్లు వచ్చాయి, ఒక్క ఫిర్యాదూ లేదు. నా ఉద్యోగానికి ఢోకా లేదని చెప్పి, ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావని మేనేజరు అడిగారు. "ఊ" అన్నాను. వినయం కూడా ఉందని రాసుకున్నారు.

గాల్లో తేలుతూ ఇల్లు చేరాను. మెట్లెక్కుతూ దగ్గితే గొంతు వచ్చేసింది. నా ఘనకార్యం మొదటినుంచీ చెప్పాలని తెగ ఉబలాటపడ్డాను. తలుపు తీస్తూనే మా ఆవిడ మొదలుపెట్టింది. తను పనిచేసే మందుల షాపులో ఎవరో చేసిన తప్పుకు యజమాని తనను అందరి ముందూ తిట్టాడట. నాలుగు సలహాలు నాలుక మీదికి ఉరికాయి. నాలుగూ మింగి "ఊ" అన్నాను.

ఎనిమిదేళ్ల కాపురంలో మా ఆవిడ ఒక సంగతి చివరిదాకా చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. మధ్యలో ఏడ్చింది. చివర్లో యజమాని నడకను అనుకరించి చూపించి తనే పడీ పడీ నవ్వింది. ఇంత చక్కగా నవ్వే మనిషితోనా నేను కాపురం చేస్తున్నది అనిపించింది.

నవ్వు ఆపి నావంక అనుమానంగా చూసింది.

"మీ గొంతు ఇంకా రాలేదా?"

"ఊ" అన్నాను.