బోర్డు దాకా అడుగులు

గోల్ఫ్ మైదానంలో దెబ్బతిన్న తొమ్మిదో గ్రీన్, అంటే బంతి పడే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి, కోలుకోవాలని చుట్టూ తాడు కట్టి కంటికి రెప్పలా కాపాడుతున్నాను. ఇవాళ పొద్దున చూస్తే గుండె ఆగినంత పనైంది. లేత గడ్డి మీద, నడిమధ్య దాకా, మాడిపోయిన బూటు అడుగులు!

"ఏ దరిద్రుడు తొక్కాడ్రా? వాడి కాళ్లు విరగ్గొడతా!" అని అరిచాను.

అక్కడే గడ్డి కోసే మా బావమరిది వంగి చూశాడు. "మంచు గడ్డకట్టి ఉండగా తొక్కారు బావా. అప్పుడేం కనబడదు. మూడోనాటికి ఇలా మాడిపోతుంది."

"మొన్న మంచులో ఎవడొచ్చి చచ్చాడు?"

వాడు వేలితో అడుగులు ఎక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరిగాయో చూపించాడు. అక్కడ, మొన్న తెల్లవారగానే నేను పాతిన బోర్డు ఉంది: "లోపల అడుగు పెట్టరాదు."