ఖాళీ కుర్చీ చుట్టూ చప్పట్లు

మా ముస్లిం పెళ్లిళ్లలో ఆడవాళ్లు పాడి ఆడే ఒప్పనలో పెళ్లికూతురికి పనేమీ ఉండదు. చుట్టూ తొమ్మిది మంది పాడుతూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, నడుమ కుర్చీలో తల దించుకుని కూర్చోవాలి. మధ్యమధ్యలో సిగ్గుగా నవ్వాలి. బడుల పోటీకి వెళ్లే మా జట్టులో ఆ వేషం ఎప్పుడూ తాళం రాని పిల్లకే దక్కేది. ఆ ఏడాది దాన్ని జసీలకు ఇప్పించింది నేను. సుబైదా టీచర్ సరేనన్నారంతే. తప్పు ఆవిడ మీదికి నెట్టి చేతులు దులుపుకుందామని చాలాసార్లు చూశాను, కుదరలేదు.

జసీలా నేనూ అయిదో తరగతి నుంచీ ఒకే బెంచీ. మేం నాన్నను ఉప్ప, అమ్మను ఉమ్మ అంటాం. వాళ్ల ఉప్ప బేపూర్‌లో చెక్క ఓడలు కట్టేచోట మేస్త్రీ. మా ఒప్పన జట్టుకు పాట నాది, తాళం తనది. తను చప్పట్లు అందుకుంటే మిగతా ఎనిమిది జతల చేతులూ దారికొచ్చేవి.

ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి, పరీక్షలయ్యాక ఒక సాయంత్రం, సముద్రంలోకి కట్టిన రాళ్లగట్టు చివర కూర్చుని ఉప్పునీళ్లలో ఊరిన మామిడికాయ తింటున్నాం. తను అలల వైపు చూస్తూ, "నాకు అమ్మాయిలంటేనే ఇష్టమే లుబ్నా. నీకెప్పుడూ అలా అనిపించలేదా?" అంది.

"ఛీ, నాకెందుకనిపిస్తుంది" అన్నాను.

అనిపించింది. తన మీదే అనిపించింది. అంత దగ్గరగా కూర్చుని, అంత తేలిగ్గా అబద్ధమాడాను. తను చేతిలోని ముక్క సగం కొరికి మిగతాది నాకిచ్చింది.

వానలు మొదలయ్యాక, ట్యూషన్‌లో ఒకమ్మాయికి తను పంపిన మెసేజీలు జసీల అన్న చూశాడు. ఇంట్లో ఎవరూ చెయ్యి చేసుకోలేదు. ఉమ్మ ఏడ్చింది, ఉప్ప మాట్లాడటం మానేశాడు, అన్న ఫోన్ తీసేసుకున్నాడు. అందరిదీ ఒకటే మాట, నిఖా చేస్తే సర్దుకుంటుందని. జసీలకు తిండి పోయింది, నిద్ర పోయింది. ఒకరోజు, నాకు బతకాలని లేదని ఉమ్మతోనే చెప్పింది. ఆ మాట పైకి చెప్పింది కాబట్టే మాకు దక్కింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచారు.

తిరిగొచ్చేసరికి మనిషి కాస్త ఒళ్లు చేసింది. మాత్రల వల్ల చేతులు సన్నగా వణికేవి. నలుగురితో కలవనివ్వండని డాక్టర్ చెప్పారట. సాధన మొదలైన రోజు తను వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టింది. ప్రతి దెబ్బా రవ్వంత ఆలస్యం.

"లుబ్నా, నువ్వు కొంచెం నెమ్మదిగా పాడితే నేను అందుకుంటానే" అంది.

"నెమ్మదిస్తే మార్కులు పోతాయే. నువ్వు పెళ్లికూతురిగా కూర్చో. హాయిగా ఉంటుంది, చెయ్యి కూడా కదపక్కర్లేదు."

"అందరూ నన్నే చూస్తారు కదే."

"చూస్తే అరిగిపోతావా? మహారాణిలా కూర్చోవే."

తను నవ్వింది. ఒప్పుకుందనుకున్నాను. తన మంచికేనని అందరికీ చెప్పాను, నేనూ నమ్మాను. లోపల ఇంకో ఆశ ఉంది. ఎవరూ తప్పుపట్టకుండా పది నిమిషాలు తన మొహం చూస్తూ పాడొచ్చు. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

పోటీ ముందురోజు వాళ్ల ఉమ్మ తన చేతులకు గోరింటాకు పెట్టి, నగలన్నీ వేసి, ఫోటో తీసి చుట్టాలకు పంపింది. నెలల తర్వాత ఆ ఇంట్లో అందరూ నవ్విన రోజు అది. మర్నాడు ముస్తాబు గదిలో జసీల నా చెయ్యి పట్టుకుంది. 

"ఆ ఫోటో చూసి దుబాయ్ నుంచి ఎవరో సంబంధం అడిగారట. ఉమ్మ సంతోషంతో నిద్రపోలేదు. లుబ్నా, నాకు ఊపిరాడట్లేదే."

"ఇప్పుడా ఆ మాట? పది నిమిషాలు ఓర్చుకో, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను.

రెండు పాటలు బాగానే గడిచాయి. మూడోదాంట్లో పెళ్లికొడుకు వస్తున్నాడని పెళ్లికూతుర్ని ఆటపట్టించాలి. ఆ చరణం నాదే. పాడుతూ తన ఎదుటికొచ్చాను. తల ఎత్తకూడని పెళ్లికూతురు తల ఎత్తి సూటిగా నన్నే చూసింది. ఆపవే అని అడిగింది ఆ చూపు. నాకు అర్థమైంది. అర్థమయ్యే పాడాను.

తను లేచింది. తలమీది ముసుగు తీసి కుర్చీలో పెట్టి, మా మధ్యలోంచి దారి చేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఏం జరిగినా చప్పట్లు ఆపొద్దని మాకు నూరిపోశారు. మేం ఆపలేదు. ఖాళీ కుర్చీ చుట్టూ తిరుగుతూ, పెళ్లికూతురి అందాల వర్ణన దానికే పాడుతూ, సిగ్గుపడకే అని నవ్వుతూ మూడు నిమిషాలు లాగాం. జనం కూడా నవ్వారు. తెర వెనక్కి పరిగెత్తేసరికి టీచర్ తనను ఉమ్మ దగ్గరికి తీసుకెళ్లిపోయారు. వెళ్లేదాకా మెట్లకింద కూర్చుని నా పాట వింటూనే ఉందట.

తర్వాత డాక్టర్ వాళ్ల ఉమ్మనూ ఉప్పనూ కూర్చోబెట్టి మాట్లాడారు. నిఖా మాట ఆగింది. జసీల తలశ్శేరిలో పిన్ని దగ్గర ఉండి చదువుకుంటోందని తెలిసింది. నేను రాసిన మెసేజీలకు జవాబు లేదు. పది నెలల తర్వాత తనే, "ఆదివారం రా" అని రెండు ముక్కలు పంపింది.

వెళ్లాను. చాయ్ ఇచ్చింది, పిన్ని అరటిపండులో కొబ్బరి కూరి వేయించిన ఉన్నక్కాయ పెట్టింది. మొహంలో కళ తిరిగొచ్చింది. వారానికోసారి డాక్టర్‌తో మాట్లాడుతున్నానని, పిన్నికి అంతా తెలుసని చెప్పింది. దారి పొడవునా కూడబలుక్కున్నవన్నీ మర్చిపోయి, "ఆరోజు రాళ్లగట్టు మీద అబద్ధం చెప్పానే" అన్నాను.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"అప్పుడే. నీకు అబద్ధమాడటం ఎప్పుడొచ్చిందే?" అని నవ్వి, "ఇంట్లో అందరూ నాకేదో జబ్బన్నప్పుడు, నాలాంటిది ఇంకొకత్తి ఉందని తెలిస్తే చాలనిపించేది. నువ్వు నన్ను ప్రేమించక్కర్లేదు. అవునంటే సరిపోయేది" అంది.

క్షమించమన్నాను. తను కప్పులు పక్కన పెట్టి, "ఆ మొదటి పాట పాడు" అంది.

పాడాను. తను చప్పట్లు అందుకుంది. చేతులు ఇంకా కొంచెం వణుకుతున్నాయి, ప్రతి దెబ్బా రవ్వంత ఆలస్యం. నేను పాట నెమ్మది చేశాను. రెండో చరణానికల్లా తాళం కలిసింది. పాట ఎక్కడా చెడలేదు. అంత చిన్న పని.